సిరాను ఎత్తుకుపోయే బుడగ

పాత దినపత్రిక నుంచి కొత్త కాగితం తీసే మిల్లులో పనంతా ఒక్క పట్టుదల మీద నడుస్తుంది: పీచు తెగకూడదు. ఆ పీచు పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. కాగితంలో పోగుల్ని ప్రధానంగా పట్టి ఉంచేవి తడి ఆరేటప్పుడు వాటి మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలు. నీళ్లు తగిలితే అవి వదులవుతాయి. పాత కాగితం మళ్లీ గుజ్జయ్యేది అందుకే. సిరా మాత్రం అంత తేలిగ్గా వదలదు. 1774లోనే గొట్టింగెన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు యుస్టుస్ క్లాప్రోట్ అచ్చు కాగితాన్ని కడిగి తిరిగి కాగితం చేయించి, ఆ పద్ధతిని వివరించే చిన్న పుస్తకాన్ని దానిమీదే అచ్చువేయించాడు.

నేటి మిల్లులో మొదటిది పల్పర్. పెద్ద తొట్టి, మధ్యలో మెలితిరిగిన రోటర్. గుజ్జులో పీచు 15 శాతం దాకా ఉండేలా నీళ్లు కొలిచి పోస్తారు. అంటే ఇడ్లీ పిండి కంటే గట్టిగా. అంత గట్టిగా ఉంటేనే పీచుకు పీచు రాసుకుని సిరా ఊడుతుంది, రెక్కతో కోయాల్సిన పని ఉండదు. కాస్టిక్ సోడా పీచును ఉబ్బించి సిరా పట్టు సడలిస్తుంది. ఆ సోడా వల్ల గుజ్జు పసుపెక్కకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ కాస్తుంది.

తర్వాత గుజ్జును పలచన చేసి, కిందికి సన్నబడే గొట్టాల్లో సుడి తిప్పుతారు. పిన్నులు, ఇసుక గోడవెంట అడుక్కి జారిపోతాయి. సన్నని చీలికల జల్లెడ జిగురు ముక్కల్ని ఆపుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది సిరా తేల్చే తొట్టి. ఇక్కడ పీచు ఒక శాతమే, మిగతాదంతా దాదాపు నీళ్లే. అడుగు నుంచి సన్నని గాలి బుడగలు వదులుతారు, సబ్బు కలుపుతారు. ఉప్పు నీళ్లలో బట్టలుతికితే సబ్బు తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది కదా, నీళ్లలోని కాల్షియం చేసే పని అది. చాకిరేవులో విసిగించే ఆ తెట్టే ఇక్కడ కావాలి. అది సిరా రేణువుల మీద పేరుకుని, వాటిని గుంపుగా చేర్చి బుడగకు అంటిస్తుంది. సిరాకు నీళ్లు పడవు, గాలిని పట్టుకుని పైకి పోతుంది. పీచుకు నీళ్లే సుఖం, కిందే ఉండిపోతుంది. పైన నల్లటి నురగ కడుతుంది, దాన్ని తీసేస్తారు. రేణువు మరీ సన్నదైతే బుడగకు చిక్కదు, మరీ పెద్దదైతే జారిపడుతుంది. పల్పర్‌ను ఎంతసేపు తిప్పాలన్న లెక్కంతా ఈ తొట్టిని తలచుకుని వేసేదే.

ఒకసారి ఆరిన పీచు బిరుసెక్కి, మునుపటంత నీళ్లు పీల్చదు. రిఫైనర్‌లో గాడులున్న ఇనుప పళ్లేల మధ్య దాన్ని నలిపి నూగు లేపుతారు. ఆ నూగే పక్క పోగును పట్టుకుంటుంది. ఎక్కువ నలిపితే పీచు తునిగి, గుజ్జును కాగితంగా పరిచే జాలీలోంచి నీళ్లు దిగవు. అందుకే పాత పీచును మెల్లగా నలుపుతారు, బలం చాలకపోతే కొంత కొత్త గుజ్జు కలుపుతారు.