పోర్చుగీసున కర్తృసర్వనామ లోపము

తెలుగున 'వచ్చితిని' అన్నంతనే 'నేను' అను కర్త స్ఫురించును. పోర్చుగలు దేశపు భాషయందును అంతే. 'ఫాలు' అనిన 'మాటాడుదును' అని యర్థము. 'నేను' అను నర్థమిచ్చు 'ఎవు' పలుకనక్కఱలేదు. నొక్కి చెప్పవలసినపుడో, కర్త మాఱినపుడో అది వచ్చును. బ్రెజిలు వ్యవహారమున 'ఎవు ఫాలు' అనుటయే పరిపాటి. ఈ భేదమునకు హేతువేమి?

పురుషప్రత్యయములు క్షీణించుటయే హేతువని సాధారణముగా చెప్పుదురు. ఈ వాదమునకు బలము లేకపోలేదు. గౌరవవాచకమునుండి పుట్టిన 'వొసే' (నీవు), మొదట 'జనము' అను నర్థముగల 'అ జేంచి' (మనము) వాడుకకు వచ్చి ప్రథమపురుష క్రియనే గ్రహించినవి. అందుచే 'ఫాల' అను నొక్కరూపమే నీవు, అతడు, ఆమె, మనము అను నన్నింటికిని చెల్లుచున్నది. రియో డి జనైరో నాటకములను పరిశీలించి మరియ యుజెనియ దువర్తె 1993లో ప్రకటించిన లెక్కలలో, సర్వనామమును విడిచిన సందర్భములు 1845లో నూటికి 80 కాగా 1992 నాటికి 26కు తగ్గినవి.

అయినను ప్రత్యయక్షయమే సర్వకారణమనుట మాకు సమ్మతము గాదు. ఉత్తమపురుషరూపమగు 'ఫాలు' బ్రెజిలునను చెక్కుచెదరలేదు. దాని కర్తయెడ సందేహమే లేదు. అయినను 'ఎవు' వచ్చి చేరినది. సందిగ్ధతకు తావుగల ప్రథమపురుషయందే లోపము ఎక్కువగా మిగిలినదని దువర్తె పరిశోధనయే చూపుచున్నది. మన గ్రాంథికమున 'వచ్చెను' అనునది వాడు, ఆమె, అది, అవి అను నాల్గింటికిని సమానము. అయినను కర్తను విడుచుటకు మనవారు జంకలేదు. పురుషప్రత్యయములే లేని జపానీభాషయు కర్తను విడుచుచున్నది. కావున ప్రత్యయము లోపమునకు తోడ్పడునే కాని దానిని శాసింపదు.

మాఱినది సర్వనామముయొక్క పని యని మా యభిప్రాయము. 'తాను ఇల్లు కొంటినని జువాను చెప్పెను' అను నర్థముగల వాక్యమున, ఉపవాక్యములో 'ఎలి' (అతడు) చేర్చినచో పోర్చుగలు శ్రోత సాధారణముగా వేఱొకనిని తలచును. బ్రెజిలు శ్రోతకు ఆ 'ఎలి' జువానే కావచ్చును. ఇచ్చట సర్వనామము భేదమును సూచింపక కర్తృస్థానమును నింపుచున్నది. 'ఇచ్చట పొగ త్రాగరాదు' వంటి వాక్యమున మాత్రము బ్రెజిలు వక్త కర్తను విడిచి, ఎవరికైనను వర్తించు నర్థమును సాధించును. పోర్చుగలున అందులకు 'సె' అను పదము కావలయును. లోపము నశింపలేదు; క్రొత్త నియమమునకు లోబడినది.

బ్రెజిలు బాలుడు ఇంట సర్వనామముతో మాటాడుట నేర్చి, బడిలో దానిని విడిచి వ్రాయుట నేర్చుచున్నాడు. అతని యింటి పలుకును భ్రష్టమనుట వ్యాకర్తకు తగదు. నియమమున్నచోట భ్రంశము లేదు. ఆ నియమమును కనుగొనుటయే వ్యాకరణము.