ఆవగింజ కింద కిటికీ

మంచి మదర్‌బోర్డు చేతికొస్తే నేను ముందు ప్రాసెసర్ వంక చూడను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్ల మీద జంటజంటలుగా కూర్చున్న కప్లింగ్ కెపాసిటర్లను చూస్తాను. ఆవగింజంత ముక్కలు. లేఔట్ చేసిన చెయ్యి ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది.

వాటి పని చెప్పడం తేలికే. రెండు వైపుల చిప్‌ల డీసీ వోల్టేజీలు ఒకదానికొకటి తగలకుండా ఆపి, మారే సిగ్నల్‌ని మాత్రం పోనిస్తాయి. మూడో తరం నుంచి 220 నానోఫారడ్లు వాడటం అలవాటైంది.

ఎక్కడ పెట్టాలంటే చాలామంది మంత్రంలా ‘ట్రాన్స్‌మిటర్ పక్కనే’ అంటారు. నిజానికి అదొక ఒప్పందం. ఎవరో చేసిన బోర్డులో ఇంకెవరో చేసిన కార్డు గుచ్చినా, ఒక్కో లైనుకి ఒక్క కెపాసిటరే పడాలని ఎవరి ట్రాన్స్‌మిట్ లైన్ల మీద వాళ్లే పెట్టుకోవాలన్నారు. వేగంగా మారే సిగ్నల్‌కి కెపాసిటర్ దాదాపు తీగతో సమానం. దెబ్బతీసేది దాన్ని అతికించే రాగి ప్యాడ్.

సన్నగా వచ్చిన లైను ప్యాడ్ దగ్గర ఒక్కసారిగా వెడల్పవుతుంది. 0402 సైజు ముక్క అర మిల్లీమీటరు వెడల్పు, లైను అందులో మూడో వంతు కూడా ఉండదు. కింద గ్రౌండ్ ప్లేన్ ఉంటే ఆ ప్యాడే మనం అడగని కెపాసిటరవుతుంది. అక్కడ ఇంపిడెన్స్ పడిపోయి, సిగ్నల్‌లో కొంత వెనక్కి కొడుతుంది. అందుకే ప్యాడ్ కింద రాగి తీసేసి కిటికీ కోస్తారు. పనితనమంతా ఆ కిటికీలోనే ఉంది! చిన్నదైతే ఇంపిడెన్స్‌లో గుంట మిగులుతుంది, పెద్దదైతే గుట్ట లేస్తుంది. జంటలో రెండూ పక్కపక్కనే, ఒకే వరుసలో ఉండాలి. ఒకటి ముందుకు జరిగితే జంట సమతూకం చెడుతుంది. హైదరాబాదులో నాకు పని నేర్పిన పెద్దాయన చేసిన బోర్డులో పదహారు జంటలకి 32 కెపాసిటర్లు. లైను పొడవునా ఇంపిడెన్స్‌ని గీతగా చూపే టీడీఆర్ పెట్టి చూస్తే, అవి ఎక్కడున్నాయో గీతలో వెతుక్కోవాల్సి వచ్చింది. అంత చదునుగా వచ్చింది!

ఇది మంత్రమా, లెక్కా అంటే నేను హోవర్డ్ జాన్సన్ పక్షం. 1993లో మార్టిన్ గ్రాహంతో కలిసి రాసిన పుస్తకానికి ‘బ్లాక్ మ్యాజిక్’ అని ఉపశీర్షిక పెట్టి, లోపలంతా లెక్కలే చూపించిన మనిషి. ఇదే రంగంలో రాసే ఎరిక్ బొగాటిన్‌దీ అదే దారి.

ఇప్పుడేం జరుగుతోంది? రిఫరెన్స్ డిజైన్ తెచ్చి అతికించేస్తున్నారు. స్టాకప్, అంటే పొరల అమరిక, మారింది, ప్లేన్ దూరం మారింది, కిటికీ కొలత మాత్రం పాతదే! అలాంటి చవక బోర్డు ఒకటి నా బల్ల మీదకొచ్చింది. సెకనుకి 8 గిగాట్రాన్స్‌ఫర్లు నడవాల్సిన లింకు, నిలబడలేక 2.5కి దిగిపోయింది. కొన్నవాడికి ఆ సంగతే తెలియదు. ఇది చేతకానితనం కాదు, ఒళ్లు వంచకపోవడం.

లేఔట్ పనిలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గెర్బర్ ఫైళ్లు ఫ్యాబ్‌కి పంపేముందు రెండో లేయర్ ఒక్కటే తెరిచి చూడండి. ప్రతి జంట కిందా కిటికీ ఉందా, దాని కొలత మీ స్టాకప్‌కి మీరు కట్టిన లెక్కేనా అని.