సాగిన గుండె, తప్పిన లయ

ఢిల్లీ ఐఐటీని ఆనుకునే ఉంటుంది జియా సరాయ్. ఇరుకు సందులు, పీజీ గదులు, కోచింగ్ బోర్డులు. గేట్, నెట్ పరీక్షలకు ఫిజిక్స్ చదివే కుర్రాళ్లు అక్కడ లాప్లాస్ సూత్రం వల్లె వేస్తారు. లోపలి ఒత్తిడి, వ్యాసార్ధం పెరిగిన కొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది. మార్కుల కోసం నేర్చిన ఆ సూత్రమే కొద్ది దూరంలోని ఎయిమ్స్‌లో ఎందరి గుండెల్లోనో పనిచేస్తూ ఉంటుంది.

కరెంటు వస్తే గుండె కండరం ముడుచుకుంటుందని అందరికీ తెలుసు. కండరం సాగితే ఆ కరెంటే దారి తప్పుతుందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1984లో అమెరికాలోని బఫెలోలో ఫల్గుణి గుహరాయ్, ఫ్రెడరిక్ సాక్స్ కోడిపిండం కండర కణాల్లో, పొరను లాగితే తెరుచుకునే చానళ్లను కనిపెట్టారు. అలాంటివి గుండె కణాల్లోనూ ఉన్నాయి. అవి తెరుచుకుంటే ధనావేశ అయాన్లు లోపలికి చొరబడతాయి, వేళకాని స్పందన పుడుతుంది. 2001లో కుందేలు గుండె పైగదిని, అంటే కర్ణికను, సాగదీసి పరిశోధకులు కర్ణిక కంపనం రప్పించారు. ఈ చానళ్లను మూసే ఒక సాలీడు విషపు పెప్టైడ్ ఇస్తే అది తగ్గింది.

దెబ్బ కూడా లాగుడే. ఛాతీకి బంతి తగిలిన క్షణం ఈసీజీలో టి అల శిఖరానికి 15 నుంచి 30 మిల్లీ సెకన్ల ముందైతే, ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా జఠరిక కంపనంలోకి జారగలదు. 1998లో పందుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన విషయమిది. వెంటనే షాక్ ఇవ్వకపోతే ప్రాణం దక్కదు.

మన దేశంలో ఎక్కువగా కనిపించే లాగుడు మాత్రం నిదానంగా వచ్చేది. రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం ఇరుకవుతుంది. రక్తం కిందికి దిగలేక ఎడమ పైగది ఏళ్ల తరబడి ఉబ్బుతుంది, గోడలో మచ్చ కణజాలం పేరుకుంటుంది. చివరికి లయ చెదురుతుంది, రక్తపు గడ్డలు కడతాయి, ఒక్కోసారి పక్షవాతం వస్తుంది. ఈసీజీ లయ ఎలా ఉందో చెబుతుంది, ఎకో గది ఎంత సాగిందో చెబుతుంది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవడమే అసలైన వైద్యం. కవాటాన్ని బెలూన్‌తో విప్పకుండా లయకు మాత్రమే మందులిస్తే ఆ లయ నిలవడం కష్టం. 1971లోనే ఐఐటీ, ఎయిమ్స్ కలిసి బయోమెడికల్ ఇంజనీరింగ్ కేంద్రం పెట్టుకున్నాయి. ఫిజిక్సూ వైద్యమూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్న ఆ ఆలోచన ప్రతి జిల్లా ఆసుపత్రికీ చేరాలి.

పిల్లలకు గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు కీళ్లు వాచి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి. రుమాటిక్ జ్వరమని తేలితే, మూడు నాలుగు వారాలకోసారి వేసే పెనిసిలిన్ ఇంజెక్షన్‌ను డాక్టరు చెప్పినన్నాళ్లూ మానకండి.