తూకంరాయిని ఎవరు తూస్తారు?

మా పిల్లల చదువు మీద పరిశోధనలకు కొదవ లేదు. బడి మానేసినవాళ్లు ఎందరు, ఆడపిల్లలు ఏ తరగతిలో ఆగిపోతున్నారు, మదర్సాలకు ఎందరు పోతున్నారు - లెక్కలన్నీ మా మీదే. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ తర్వాతైనా 'మీవాళ్లు మదర్సాలు వదలరు' అనే మాట ఆగిందా? ఆగలేదు. లెక్క తేలినా మాట మారలేదంటే అడిగే ప్రశ్నలోనే ఏదో ఉంది. మా పిల్లవాణ్ణి తూచారు. బడిని తూచలేదు. పరీక్షను తూచలేదు. పరీక్ష పెట్టే భాషను అసలే తూచలేదు.

ఈ మాట చెప్పడానికి కొత్తగూడ చౌరస్తా కంటే మంచి చోటు లేదు. ఒకవైపు పోతే హైటెక్ సిటీ, ఇంకోవైపు పోతే గచ్చిబౌలి. 1998 జనవరిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలైంది. అదే ఏడు నవంబరులో సైబర్ టవర్స్ తలుపులు తెరిచారు. ట్రిపుల్ ఐటీ పుట్టిందీ ఆ ఏడే. ఉర్దూలో వృత్తివిద్య, సాంకేతిక విద్య అందించాలని చట్టమే చెప్పిన యూనివర్సిటీ ఒక దిక్కున. ఇంగ్లీషులో మాట్లాడలేనివాడికి గేటు తీయని కొలువులు ఇంకో దిక్కున. నడుమ రోడ్డు మీద ఆటో నడుపుతూ, పంక్చర్లు వేస్తూ, అద్దాల మేడలకు కాపలా కాస్తూ మావాళ్లు.

'ఉర్దూ యూనివర్సిటీ మీదే కదా, ఇంకేం కావాలి?' అని మిత్రులు అడుగుతారు. ఉర్దూ మాదే. కానీ ఏ ఉర్దూ? ఇంట్లో మేం 'హౌ' అంటాం, 'నక్కో' అంటాం, 'కితాబాఁ' అంటాం. బడిలో ఉస్తాద్ దాన్ని 'కితాబేఁ' అని దిద్దుతాడు. తెలుగు బడికి పోతే మా తెలుగు తౌరక్యాంధ్రమని నవ్వుతారు. ఊళ్లల్లో దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటిభాష. ఉర్దూ రానివాడు ఏం ముస్లిమని మాలోని షరీఫులే వాళ్లను వెక్కిరిస్తారు. అదీ ఒక పరీక్షే. ఆ పరీక్షకు సిలబస్ ఉండదు, పాసయ్యేదీ ఉండదు.

ఈ నేల మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో పెట్టారు. అంతకుముందే 1917లో అనువాదశాఖ తెరిచి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్నారు. ఉర్దూలో చదివి డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, వకీళ్లయ్యారు. దేశభాషలో వృత్తివిద్య కుదరదన్నవాళ్లకు అదే జవాబు. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది, ఉర్దూ పోయింది. పోగొట్టేముందు ఆ చదువు ఏమిచ్చిందో తూచాలని ఎవరికి తోచింది?

అయితే ఆ ఉస్మానియాను నెత్తిన పెట్టుకుని ఊరేగలేం. నిజాం రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఆ తెలుగు పిల్లవాడు పైచదువుకు రావాలంటే తనది కాని జబాన్‌లో నెగ్గాలి. ఆనాటి తెలుగువాడి ఉక్రోషం మాకు బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఇవాళ అది మాది.

2017లో డాక్టరు చదువుల ప్రవేశపరీక్ష నీట్‌ను 10 భాషల్లో పెట్టారు. ఉర్దూ లేదు. సుప్రీంకోర్టు దాకా పోతే 2018 నుంచి చేర్చారు. ప్రశ్న ఉర్దూలో వచ్చింది. పాసైనాక పాఠం మాత్రం ఇంగ్లీషే. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 71తో మొదలయ్యాయి. అవీ ఇంగ్లీషు మీడియమే. మేం ఇంగ్లీషు వద్దనడం లేదు. అన్నం ఏ భాషలో ఉందో మా అమ్మీలకు తెలుసు. ఆ అన్నం దాకా పిల్లవాణ్ణి ఏ మాట పట్టుకుని నడిపిస్తారన్నదే మా ప్రశ్న.

భాష సరిగా రాని పిల్లవాడికి ఆ భాషలో లెక్కల పరీక్ష పెడితే అది లెక్కల పరీక్ష కాదు, భాష పరీక్ష. మూల్యాంకనం చదివినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మరి దాన్ని మా గల్లీకి ఎందుకు తీసుకురారు? ఉర్దూ యూనివర్సిటీకి విద్యావిభాగం ఉంది. శ్రీనగర్, భోపాల్, దర్భంగాల్లో టీచర్లను తయారుచేసే కాలేజీలున్నాయి. మేం అడిగేది చిన్న పని. ఒకే లెక్కను ఒకే పిల్లవాడికి ముందు ఇంటిమాటలో, తర్వాత పుస్తకం మాటలో ఇవ్వండి. రెండు మార్కుల మధ్య తేడా ఎంతో రాయండి. ఆ తేడా పిల్లవాడి వెనుకబాటు కాదు. బడి అతనికి పడ్డ బాకీ.

ఆ బాకీని లెక్కగట్టే పరిశోధన రావాలి. ఇంటిమాటను తప్పని దిద్దేముందు దాన్ని వినడం నేర్పే టీచరు శిక్షణ రావాలి. అందాకా 'మెరిట్' అనే మాట మా ముందు ఎత్తకండి. ముందు తూకంరాయిని తూచండి. ఆ తర్వాత మా పిల్లల్ని తక్కెడలో కూర్చోబెడతాం.