మెట్టసీమలో నౌకాగ్రంథములు

నందికొట్కూరునకు సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఇట్టి మెట్టసీమలో కూర్చుండి ఓడల చరిత్రలను, రేవుల పటములను, నావికుల యాత్రావృత్తాంతములను కూడబెట్టుటలోని ఔచిత్యమేమని అడుగువారికి నేను ముందుగా తెరచి చూపునది ఓడబొమ్మ కాదు. టావెర్నియే యాత్రలకు వాలెంటైన్ బాల్ చేసిన 1889 నాటి ఆంగ్లానువాదమున గండికోటను గూర్చిన భాగము. ఆ ఫ్రెంచి రత్నవర్తకుడు 1652లో బందరు రేవున ఓడ దిగి, మద్రాసు మీదుగా పెన్నానదీ తీరమందలి ఆ కోటకు వచ్చి, అచ్చట విడిసియున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు తన ముత్యములను చూపెను. ఆ మీర్ జుమ్లాయే గండికోటను జయించినవాడు. వజ్రపు గనులను చేత నుంచుకొనినవాడు. బందరు నుండి పారసీక, బ్రహ్మదేశముల రేవులకు స్వంత ఓడలు నడిపినవాడును ఆతడే. టావెర్నియే వర్ణించిన గనులలో నొకదానిని బాల్ మన కర్నూలు దాపునగల రామళ్లకోటగా గుర్తించెను. కొండలలో త్రవ్విన రాయి తీరమునకు చేరి ఓడ యెక్కినది గనుక, దానిని త్రవ్వినవారి బ్రతుకులును ఓడ యెక్కి వచ్చినవారి పుస్తకములలోనే కొంత మిగిలినవి. రాయలసీమ చరిత్ర వెదకువాడు నౌకాగ్రంథముల అనుక్రమణికలను గాలింపవలెనని నా దృఢవిశ్వాసము.

నా యొద్దనున్న వానిలో నాకు మిక్కిలి ప్రియమైనది థామస్ బౌరీ రచన. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాతపు చుట్టునున్న దేశములలో తాను చూచినదానిని వ్రాసి, తీరమందలి పడవలను, తెప్పలను తన చేతితోనే చిత్రించిన ఆ నావికుని వ్రాతప్రతిని 1905లో టెంపుల్ సంపాదకత్వమున హక్లూయిట్ సొసైటీవారు ముద్రించిరి. నర్సాపుర ప్రాంతమున మంచి కలపయు, నేర్పరులైన వడ్రంగులును ఉండుటచే ఆంగ్ల వర్తకులు తమ ఓడలను అచ్చట కట్టించుకొనుచుండిరని ఆతడు వ్రాసినాడు. మన పనివారి నేర్పునకు పరదేశి యొకడు పలికిన ఆ సాక్ష్యమును చదువునపుడెల్ల నాకు హృదయము నిండును. ఇట్టి సంపుటము చేతికి వచ్చినపుడు నేను వెంటనే చదువనారంభింపను; చిత్రముల పట్టికను ఎదుట నుంచుకొని, ఒక్కొక్క పుటను త్రిప్పుచు, ఏ చిత్రము కలదో ఏది చింపబడినదో సరిచూచిన పిమ్మటనే వెల మాట యెత్తుదును.

చింపుట యనునదియే ఈ వ్యాసంగమున నన్ను మిక్కిలి బాధించు విషయము. బాల్డియస్ 1672లో ఆమ్‌స్టర్‌డామున వెలువరించిన మలబారు కోరమండల వర్ణనమువంటి గ్రంథమును పూర్ణముగా కొనగలవారు కొందరే గనుక, అందలి రేవుల చిత్రములను కోసి, చట్టములు బిగించి, విడివిడిగా అమ్ముట లాభకరమైన వ్యాపారమైనది. అట్టి విడిపటము రాగిరేకు ముద్రయే యైనచో, చిత్రము చుట్టును రేకు అంచు ఒత్తిన పల్లము వ్రేలికి తగులును. వెలుతురునకెత్తి పట్టిన ఆనాటి చేతికాగితమున జల్లెడతీగల చారలు కనబడును. నడుమనున్న మడత అది పుస్తకమున నుండి వచ్చినదని చెప్పును. మిక్కిలి తళుకుగా నున్న రంగు సామాన్యముగా పిదప ఎవరో అద్దినది. ఇన్నియు పరీక్షించి అది నిజమైనదని తేలినను, నేను కొనను. నేను కొన్నచో మరియొక పుస్తకమునకు కత్తి తగులుననియే నా భయము. అంతకంటె, చిత్రములు పోగొట్టుకొని సగము వెలకు దిగజారిన సంపుటమును ఇంటికి తెచ్చుకొందును. దానియందు వాక్యములైనను మిగిలియుండును.

తీరవాసుల గ్రంథములకు తేమయు, బూజును శత్రువులు. మా పొడిగాలి వానినుండి కాపాడును గాని, ఎండకాలమున తోలు బైండును బీటలు వార్చును; చెదలు సరేసరి.

ఇక మా ఊరి జలమార్గము మాట. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాక త్రవ్విన కె.సి. కెనాలును మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు పైరులకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశించి, లాకులతో నిర్మించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. నేడు కాలువగట్టున నిలిచి వరిమళ్లను చూచువానికి అది పడవల దారిగా తలపెట్టబడినదని తోచనే తోచదు. ఆ కంపెనీ నివేదికలను, కాలువ కొలతల పటములను, లాకుల నిర్మాణచిత్రములను ఇప్పుడు నేను ప్రత్యేకముగా వెదకుచున్నాను. బౌరీ గ్రంథముకంటె వాని వెల తక్కువయే. దొరకుట మాత్రము కష్టతరము, ఏలయన అవి దాచదగినవని తలచినవారు అరుదు, తూకమునకు వేసినవారు పెక్కుమంది.