తోలు తొడిగినవాడు, తోలు కుట్టినవాడు

మగవాణ్ణి ప్రేమించే మగవాడంటే ఆడంగివాడేనని అమెరికా వెక్కిరించిన రోజుల్లో, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన కొందరు తోలుకోటు తొడిగి మోటారుసైకిలెక్కారు. 1954లో లాస్ ఏంజెలిస్‌లో 'సాటిర్స్' క్లబ్బు వెలిసింది. 1989లో టోనీ డిబ్లేస్ నలుపు, నీలం, తెలుపు చారల మీద ఎర్రటి గుండెతో వాళ్లకో జెండా రూపొందించాడు. మార్క్ థాంప్సన్ 1991లో కూర్చిన 'లెదర్‌ఫోక్' వ్యాససంకలనం ఈ లోకాన్ని లోపలివాళ్ల గొంతుతోనే వినిపిస్తుంది. వింత చూడవచ్చినవాళ్ల కోసం రాసింది కాదు. దాని బలమంతా అదే. నొప్పి, లొంగుబాటు కూడా ఇద్దరి ఒప్పందం మీదే నడవాలన్న నీతి ఒకటి ఆ తోలు వెనక ఉంది. బయటివాళ్ల కంటికది ఆనదు.

అయితే కోయంబత్తూరులో చదివేవాడికి తోలనగానే మరొకటి గుర్తొస్తుంది. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడే అరుంధతీయులు చెప్పులు కుట్టారు, కపిల బావులకు తోలుబానలు కుట్టారు. ఆ నీళ్లతో మన నాయుళ్ల పత్తిచేలు పండాయి. కుట్టినవాడు మాత్రం ఊరి బయటే ఉన్నాడు. అక్కడ ఏరికోరి తొడుక్కున్నది ఇక్కడ పుట్టుకతో నెత్తిన పడింది. కోటయితే విప్పి కొక్కేనికి తగిలించవచ్చు. తోలులో మగతనాన్నీ మృగత్వాన్నీ వెతికే విమర్శ, దాన్ని పదును చేసిన చేతుల దాకా రాకపోవడం నాకు లోటే.

2009లో తమిళనాడు అరుంధతీయులకు 3 శాతం ఉపకోటా ఇచ్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి పరస్పర సమ్మతిగల పెద్దలను తప్పించింది. ఆ రెండు వెలివేతలనూ ఒకే ఒంటిమీద మోసేవాడు మన మదురై, కోయంబత్తూరు పేటల్లోనూ ఉంటాడు. తోలు గురించి అతను తెలుగులో రాస్తే చదవాలని ఉంది.