మైనపు దేహం – చలనచిత్ర నేత్రం: క్రోనెన్‌బర్గ్ లఘుచిత్రంపై ఒక పరిశీలన

నిర్జీవమని తెలిసిన వస్తువు సజీవమేమోనన్న సందేహం నుండి పుట్టే కలవరాన్ని ఎర్నెస్ట్ యెంచ్ 1906లో చర్చించాడు. ఆయన చూపిన ఉదాహరణలలో మైనపు బొమ్మ ఒకటి. 1919లో ఫ్రాయిడ్ ఆ సందేహానికి ప్రాధాన్యం తగ్గించి, అణగిపోయిన పూర్వపరిచిత భావం మళ్లీ తలెత్తడమే దీనికి మూలమన్నాడు. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 2023లో తీసిన ‘ఫోర్ అన్‌లవ్డ్ విమెన్, అడ్రిఫ్ట్ ఆన్ ఎ పర్పస్‌లెస్ సీ, ఎక్స్‌పీరియన్స్ ది ఎక్స్టసీ ఆఫ్ డిసెక్షన్’ చూసిన తరువాత యెంచ్‌ను అంత తేలికగా తోసిపుచ్చలేము.

ఇందులోని నలుగురు స్త్రీలు నటీమణులు కారు. 1775లో ఫ్లోరెన్స్‌లో ప్రారంభమైన లా స్పెకోలా ప్రదర్శనశాలకు చెందిన శరీరశాస్త్ర నమూనాలు. క్లెమెంతె సుసీని ప్రభృతులు వైద్యవిద్య కోసం వీటిని రూపొందించారు. వీటిలో ప్రసిద్ధమైన ‘వీనస్’కు నిజమైన కేశాలున్నాయి, మెడలో ముత్యాల పేరు ఉంది, ఉదరం తెరిస్తే అవయవాలు పొరలు పొరలుగా వెలికివస్తాయి. మిలాన్‌లోని ప్రాడా ఫౌండేషన్ ప్రదర్శన కోసం దర్శకుడు ఈ బొమ్మలను నీటిపై తేల్చాడు. బొమ్మలు వాస్తవం, నీరు కల్పన. డాక్యుమెంటరీ ఎక్కడ ముగిసి స్వప్నం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

ప్రదర్శనశాలలో ప్రేక్షకుడికి ఒక రక్షణ ఉంది. అతడు బొమ్మ చుట్టూ తిరుగుతాడు, అది కదలదు, సందేహం తీరుతుంది. తెరపై ఆ పరీక్షకు తావు లేదు. నిశ్చలంగా పడుకున్న నటికీ మైనపు ప్రతిమకూ కెమెరా దృష్టిలో భేదం స్వల్పం. పైగా అలల ఊగిసలాట ఆ దేహాలకు శ్వాసను అరువిస్తుంది. తెరచిన ఉదరం బీభత్సాన్ని కలిగించాలి. అరమోడ్పు కన్నులు శృంగారాన్ని స్ఫురింపజేస్తాయి. మన ఆలంకారికులు పరస్పర విరోధులుగా చెప్పిన ఈ రెండు రసాలూ ఇక్కడ ఒకే ఆలంబనాన్ని ఆశ్రయించాయి. ఆకర్షణ రహస్యం ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఒక అభ్యంతరం ఉంది. ఈ నమూనాలకు ఆధారం ఆసుపత్రి నుండి వచ్చిన శవాలు. ఒక్క ప్రతిమ వెనుక అనేక అనామక దేహాలున్నాయి. శీర్షికలోని ‘ప్రేమకు నోచుకోని’ అన్న విశేషణం వారికే ఎక్కువగా వర్తిస్తుంది. చిత్రం మాత్రం కోతను పారవశ్యంగా చూపి, ఆ పారవశ్యాన్ని స్త్రీలకే ఆపాదించింది. సుసీని ముత్యాల పేరుతో చేసినదీ దాదాపు అదే.